ఎడమ కాలికి పని లేని బండి

ఓబుళేశు నా నోట్లో మట్టి కొట్టాడు. ఈ మాట పత్తికొండ మార్కెట్ యార్డు నడిమధ్యలో నిలబెట్టి చెప్పమన్నా చెబుతాను, కర్నూలు బైపాసులో వాడు పెట్టుకున్న పాత కార్ల షెడ్డు ముందర చెప్పమన్నా చెబుతాను, చెప్పాను కూడా, వాడు నవ్వి నాకు టీ తెప్పించాడు, ఆ టీ నేను తాగాను, అది ఇంకా కడుపులో మండుతూనే ఉంది. ఒకే లారీల షెడ్డులో పక్కపక్కన పని చేసినవాళ్లం. ఒకే క్యారియర్ విప్పుకుని తిన్నవాళ్లం. వాడు నాకు అమ్మిన కారు గేరుబాక్సు లోపల జారుతోందని వాడికి తెలుసు, తెలిసే దానికి పోయాల్సిన పల్చటి ఎర్ర నూనెలో చిక్కటి లారీ నూనె కలిపి, జారుడు నాలుగు నాళ్లు బయటపడకుండా కప్పిపెట్టి, "కండ్లు మూసుకోని తోలుకోనిపో అన్నా, మా వదిన కోసరమే పుట్టింది ఈ బండి" అన్నాడు. వదిన అన్న మాట దగ్గరే నేను పడిపోయాను. ఆ మాట అనకపోయి ఉంటే బానెట్టు ఎత్తి, నూనె గేజి బయటికి లాగి, వాసన చూసి ఉండేవాణ్ని, ఇంతకాలం బండ్ల కింద బతికినవాణ్ని, వాసన చూడడం కూడా రాదా నాకు. వానలు మొదలవకముందే బండి మెరక మీద ఇంజను అరుస్తుంటే చక్రం కదలకుండా నిలిచిపోయింది. ఫోను చేస్తే "ఆటోమేటిక్ అన్నంక అంతే అన్నా, ముక్కలు చేసి అమ్ముకో, ఆ ఇనుము నేనే తీసుకుంటాలే" అన్నాడు. తీసుకుంటాడంట, వాడి దయ.

ఇప్పుడు మేం బాక్సు విప్పి బిగించిన ఆ బండినే తోలుకుని నా పెళ్లాం యశోద పోయింది. నేను వాకిట్లో తిరగేసిన సిమెంటు తొట్టి మీద కూచుని ఉన్నాను. బండి పొద్దున్నదాకా నిలబడిన చోట అట్టముక్క పరిచి ఉంది, దాని మీద ఒక్క నూనె చుక్క లేదు, వంగి వంగి చూశాను, వేలితో తుడిచి కూడా చూశాను, పొడి అట్ట. దేవనకొండ దోవలో మెరక ఎక్కి తిరిగి వస్తానని చెప్పి పోయింది. మెరక ఎక్కితేనే బాక్సు సంగతి తెలిసేది, చదును మీద మనుషులు తోసినా పోతుంది ఏ బండైనా. నేను తోలతానన్నాను. "బాక్సు నీది మామా, బండి నాది. నీ బాక్సు సక్కగుండాదో లేదో నేను చెప్తా" అంది. పోనీ పక్కన కూచుంటానన్నాను. "నువ్వు పక్కన కూచుంటే నీ మొగం చూసుకుంటా తోలాల. రోడ్డెవరు చూస్తారు?" బైకు మీద వెనకాల వస్తానన్నా ఒప్పుకోలేదు, నా బైకు మోతలో తన బండి మాట తనకు వినపడదంట. సీట్లో కూచుని, ఎడమ కాలిని రెండు చేతులతో ఎత్తి లోపల పెట్టుకుంది, ఆ కాలి బూటుకున్న ఇనుప పట్టీలు డోరుకు తగిలి టంగుమన్నాయి, బ్రేకు తొక్కి గేరు రాడ్డు కిందికి లాగింది, బండి ఒక్క ఊపిరి ఆగింది, తర్వాత ఎవరో వీపు మీద చెయ్యి వేసి మెల్లగా పద అన్నట్టు ముందుకు కదిలింది. గేటు దాటింది, మలుపు తిరిగింది, దుమ్ము లేచి కూచుంది. అప్పుడు చూశాను, ఆమె ఫోను కిటికీలో చార్జింగు పెట్టి ఉంది.

అంటే దోవలో బండి ఆగినా నాకు కబురు లేదు. ఆగితే ఆ ఎండలో ఆ బూటుతో ఎంత దూరమని నడుస్తుంది. పెరట్లో వలపందిరి కింద టమాటా నారు ట్రేలు వరసగా ఉన్నాయి, తుగ్గలి రోడ్డు రైతులకు ఇవ్వాల్సినవి, వాళ్లు దున్ని తడి పెట్టుకుని కూచున్నారు, నారు జానెడు దాటి ముదురుతోంది, ముదిరిన నారును ఎవరూ ముట్టరు. ఇంట్లో ఉన్నదంతా ఊడ్చి బాక్సులోకి ఈ కొత్త ప్లేట్ల కిట్టు తెప్పించాం. ఇది కూడా కాలిపోతే రెండో కిట్టు అనేది లేదు, బండి ఓబుళేశు తక్కెట్లోకి పోతుంది, యశోద నారు మళ్లీ ఆటోవాళ్ల చేతుల్లోకి పోతుంది, వాళ్లు ట్రేలను ఇటుకల మాదిరి ఒకదాని మీద ఒకటి పేర్చి, మొక్కలు నడుములు విరిగి, రైతు తిట్టి, డబ్బు ఇవ్వకుండా తిప్పి పంపి, చివరికి ఈమె ఆ పెరట్లోనే, ఆ గోడ లోపలే కూచోవాలి. అట్లా కూచున్న ఏళ్లు నేను చూశాను. ఆమె కూచోవడం చూసి చూసి నా ముఖం ఇట్లా తయారైంది.

యశోద మా అక్క కూతురు. నడక రాకముందే పోలియో వచ్చి ఎడమ కాలు ఎండిపోయింది. ఆ పిల్లకు సంబంధాలు రావని, మేనమామ ఉన్నాడు కదా అని నాకు కట్టారు. ఏడో తరగతిలో బడి వదిలేసి లారీల కింద దూరినవాణ్ని, నన్ను అడిగిందెవరు. ఇంటర్ చదివిన పిల్ల, ఆమెను మాత్రం అడిగిందెవరు. పుల్లలు లెక్కపెట్టినట్టు మాటలు లెక్కపెట్టుకుని బతికాం చాలా కాలం. తర్వాత ఆమె పెరట్లో కొబ్బరి పొట్టు తెచ్చి ట్రేలలో నింపి విత్తనాలు పెట్టడం మొదలుపెట్టింది, ఎవరో శిక్షణ ఇచ్చారంట, నేను నవ్వాను, నేను నవ్విన నారే దేవనకొండ నుంచి తుగ్గలి దాకా చేలల్లో ఎర్రగా కాసింది. నారు ఇచ్చి ఊరుకోదు ఆమె. మళ్లీ చేలోకి పోయి ఆకు తిప్పి చూసి ఇది పురుగు, ఇది తెగులు, ఇది నీ పొగరు, నీళ్లు ఎక్కువ పెట్టినావు అని రైతు ముఖం మీదే చెప్పి వస్తుంది. పోవాలంటే కాలు కావాలి. కాలుకు బదులు బండి కావాలి. క్లచ్ తొక్కే పని లేని బండి, ఎడమ కాలికి ఏ పనీ లేని బండి.

నేనే నేర్పాను తోలడం, సెలవు రోజున ఖాళీగా ఉన్న మార్కెట్ యార్డులో, కుళ్లిన టమాటాల మీద చక్రాలు జారుతుంటే. నేర్పాను అని అనుకోవడమే. మొదట నేను కూచుని చూపిస్తానని కూచున్నాను, బండి కదలగానే నా ఎడమ కాలు దానంతట అదే లేచి క్లచ్ కోసం వెతికింది, క్లచ్ లేదు, వెడల్పాటి బ్రేకు ఉంది, దాన్నే క్లచ్ అనుకుని దబ్బున తొక్కితే ఇద్దరం అద్దానికి కొట్టుకోబోయాం. మళ్లీ తోలాను, మళ్లీ తొక్కాను. యశోద పెదవి బిగబట్టి, "ఈ బండిలో అవిటోడివి నువ్వే మామా. నీ ఎడమ కాలే నీకు అడ్డం" అంది. దిగి సీటు మారాం. ఆమె తోలింది. మొదటి చుట్టుకే, అలవాటు లేని కాలు కాబట్టి, మరిచిపోవాల్సింది ఏమీ లేదు కాబట్టి, తాటాకు నీళ్ల మీద పోయినట్టు పోయింది. ఊళ్లో అంతకుముందు కుంటి యశోద అనేవాళ్లు, వెనక కాదు, ముందరే అనేవాళ్లు. నెల తిరక్కుండా కారు యశోద అయింది.

మలుపులో ఇంజను శబ్దం. కాదు, బొలెరో, డీజిలు దగ్గు. కూచో అని నాకు నేనే చెప్పుకున్నాను.

లారీ గేరుబాక్సు నాకు నా చేతి వేళ్లంత తెలుసు. చీకట్లో విప్పి చీకట్లో బిగిస్తాను. గేరు అంటే ఇనుముకు ఇనుము, గుద్దితే కలుస్తుంది, కలవకపోతే ఇంకా గట్టిగా గుద్దాలి, నా బతుకంతా దాని మాదిరే. ఈ బాక్సును ఇంట్లోనే విప్పుదామని యశోద అన్నప్పుడు నాకు కోపం వచ్చింది, భయమని చెప్పుకోలేక కోపం. కంపెనీ షెడ్డువాళ్లు బాక్సు మొత్తం మార్చాలన్నారు, ఆ ఖరీదుకు ఇంకో పాత కారు వస్తుంది. "విప్పినోడు పెట్టలేడా? మనిషే గదా చేసినాడు దాన్ని" అంది. బండిని రాళ్ల మీదికి ఎత్తి, బాక్సును పాత లారీ ట్యూబు మీదికి దించి, నారు ట్రేలు తోసే తోపుడుబండి మీద పెట్టి విత్తనాల గదిలోకి చేర్చాం, ఎందుకంటే ఇంట్లో గాలి తగలని గది అదొక్కటే, ఈ బాక్సుకు దుమ్ము విషం, పత్తికొండ గాలిలో ఉండేదే దుమ్ము. గుమ్మానికి తడి చీర కట్టింది. చేతులు కడుక్కోకుండా లోపలికి రానివ్వలేదు నన్ను, నేనేదో పురుటి గదిలోకి వచ్చినట్టు. నేను చేతులు తుడుచుకునే నూలు వేస్టు తీసి బయట పారేసింది, దాని పోగు ఒక్కటి లోపల పడినా సందు మూసుకుపోతుందంట. అడుగు మూత విప్పితే మాడిన వేరుశనగల వాసన. నూనె నల్లగా, దాంట్లో మెరిసే పొడి. ప్లేట్ల మీది పూత కాలి రాలి, ఇనుము నీలం తిరిగింది. ఓబుళేశు పోసిన నూనె అది. నాకు ఏడుపు రాలేదు, ఓబుళేశు గొంతు పట్టుకోవాలనిపించింది. యశోద మాత్రం ఆ పొడిని వేళ్ల మధ్య రుద్ది చూసి, "పాపం, ఎంతసేపు పట్టుకుందో ఇది, జారతా కూడా" అంది, బాక్సును గురించి.

విప్పుతూ విప్పుతూ నా కోపం ఎక్కడ రాలిపోయిందో నాకు తెలియదు. ఇంజనుకూ బాక్సుకూ నడుమ ఇనుముకు ఇనుము తగలదు. గుమ్మడికాయంత మూసిన గుండు ఒకటి, దాని లోపల రెక్కలు, ఎదురెదురు పెట్టిన రెండు ఫ్యాన్ల మాదిరి, ఒకటి తిరిగి నూనెను విసిరితే ఆ విసురుకే రెండోది తిరుగుతుంది. అంత బరువు బండిని లాగేది ఆ విసురు. దాని వెనక గేర్లు, నడుమ ఒకటి, దాని చుట్టూ చిన్నవి, వాటన్నిటినీ కలుపుకుని పెద్ద చేతిగాజు మాదిరి పళ్ల చక్రం. నడిమిదాన్ని పట్టి ఆపితే ఒక వేగం, చుట్టూ ఉన్న గాజును ఆపితే ఇంకో వేగం, చిన్నవాటి గూటిని ఆపితే బండి వెనక్కి. ఒక పన్ను ఇంకో పన్నును ఎప్పుడూ విడవదు. విడదీసి కలిపే గుద్దుళ్లు లేవు. ఎవర్ని ఆపాలి, ఎవర్ని వదలాలి, అంతే, ఆ పట్టూ విడుపూ ఈ ప్లేట్ల పని. ఇంత చిన్న ఆలోచన నాకు ఎన్నడూ రాలేదు కదా అని సిగ్గు కూడా వేయలేదు, ఎవరికి వచ్చిందో వాడి చేతులు చూడాలనిపించింది, వాడి చేతులకు కూడా మసి ఉంటుందా అనిపించింది. ఇక ఆ అల్యూమినియం పలక, వాల్వ్ బాడీ అంటారు, దాన్ని విప్పి తెరిస్తే చెదలు తిన్న తలుపు మాదిరి సందులు, సందుల్లో చిన్న స్ప్రింగులు, ఆవగింజ కంటే కొంచెం పెద్ద ఉక్కు గుండ్లు. బోరు నీళ్లు పారించేటప్పుడు ఒక మడవ కట్టి ఇంకో మడవ తెంచితే నీళ్లు కొత్త సాలులోకి తిరుగుతాయి కదా, ఇక్కడ బండి వేగం పెరిగేకొద్దీ నూనె తనంతట తానే ఒక మడవను మూసి ఇంకోదాన్ని తెరుస్తుంది, కొన్నింటికి కొంచెం కరెంటు సాయం. పార పట్టుకున్న మనిషి లేడు. నీళ్లే మడవ తిప్పుకుంటున్నాయి. చాలాసేపు దాన్ని చేతిలో పెట్టుకుని కూచున్నాను, యశోద అన్నం తినమని పిలిచినా లేవలేదు.

సామాను కలిసిపోకుండా ఉండే ఉపాయం ఆమెదే. కడిగి ఆరబెట్టిన నారు ట్రే తెచ్చి, గుంతకొక సామాను, విప్పిన వరసలోనే. విత్తనం పెట్టే చేత్తోనే ఉక్కు గుండు పెట్టింది గుంతలో. నేను విప్పి ఇస్తుంటే ఆమె ఫోటో తీసి గుంతలో వేసింది, బిగించేటప్పుడు చివరి గుంత నుంచి వెనక్కి వచ్చాం. నా షెడ్డులో అయితే అన్నీ ఒక పళ్లెంలో పోసి, గుర్తుంటుందిలే అనుకునేవాణ్ని, గుర్తు లేనిదాన్ని సుత్తితో సర్దేవాణ్ని.

"ఏమి రంగస్వామీ, పెండ్లాం పెత్తనానికి పాయ, మొగుడు వాకిలి కాయ?"

పక్కింటి రామేశ్వరమ్మ. బజారు నుంచి వస్తోంది, సంచిలో కరివేపాకు బయటికి తొంగి చూస్తోంది. ఈమె మాట్లాడించకుండా ఎవరినీ పోనివ్వదు, పోయినవాళ్లను కూడా పిలిచి మాట్లాడిస్తుంది.

"పరీక్షకు పోయిందక్కా."

"పరీచ్చ ఆయమ్మకా, నీకా?"

"బాక్సుకు."

"ఆ సామాన్లంతా మళ్లా పట్టినాయా అప్పా దాంట్లో? మా ఆయప్ప మిక్సీ ఇప్పితే సగం మిగిలిపాయ. ఇప్పటికీ డబ్బాలో ఉండాయి, గలగలా ఆడిస్తాడు మనవడు."

"మాకు ఒక్కటీ మిగల్లే."

"మిగిల్తేనే మంచిది. యాడన్నా తక్కువైతే ఏసుకోవచ్చు." సంచి ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకుంది. "నేను వస్తాంటే బస్టాండు అవతల రోడ్డు వార నిలిచిపోయి ఉండె మీ బండి. ఆయమ్మ లోపలే కూచోని ఉండె. చెయ్యి ఊపితిని, చూడనే లేదు."

"ఎందుకు నిలిచింది?"

"నన్నడిగితే? నేనేమన్నా మెకానిక్కునా?"

పోయింది. తలుపు వేసుకుంది. బస్టాండు అవతల అంటే మెరక ఇంకా మొదలు కాలేదు. మెరక దాకా కూడా పోలేదు. తొట్టి మీద నుంచి లేచాను, బైకు తాళం జేబులోనే ఉంది, గేటు దాకా పోయాను, వెనకాల రావద్దంది కదా, గేటు పట్టుకుని నిలబడ్డాను. ఇనుము అప్పుడే చెయ్యి కాలేంత కాగి ఉంది. ఎక్కడ తప్పింది. పంపు సీలా, అది వాజలైను రాసి బొటనవేలితో చుట్టూ నొక్కి నొక్కి కూర్చోబెట్టాను. ఉక్కు గుండ్లా, వాటిని యశోదే పెట్టింది, ఆమె పెట్టింది తప్పదు. ప్లేట్లు. ప్లేట్లే అయి ఉంటాయి. ప్లేట్ల దగ్గరే నేను తప్పింది, తప్పింది దిద్దుకున్నామనే అనుకున్నాం, ముందుసారి పెట్టినప్పుడే ఏదైనా గీత పడిందేమో.

లారీ పనివాడికి మొదట నేర్పే మాట ఒకటే, క్లచ్ ప్లేటుకు నూనె తగలనివ్వకు. తగిలితే జారుతుంది, జారితే కాలుతుంది. చేతికి నూనె ఉండగా ప్లేటు ముట్టినందుకు మా మేస్త్రీ నా వీపు మీద స్పానరు విరగ్గొట్టినంత పని చేశాడు. ఆ దెబ్బ నా చేతుల్లో ఉండిపోయింది. కొత్త ప్లేట్లు కొరియరులో వచ్చినప్పుడు, తమలపాకుల కట్ట మాదిరి ఒత్తుగా, పూత మీద సన్నటి గీతలతో, ముద్దొచ్చే ప్లేట్లు, నేను చేతులు సబ్బుతో కడుక్కుని, ఒక్కొక్కటి పొడి గుడ్డతో తుడిచి, పెట్రోలు అద్ది మళ్లీ తుడిచి, పొడిపొడిగా, అవి కూచునే ఇనుప డ్రమ్ములో పేర్చాను. యశోద చూస్తూ ఉంది. "నానబెట్టాలంట మామా నూనెలో. ఈ బాక్సులు బాగుచేసే కోయంబత్తూరాయన వీడియోలో నానబెట్టినాడు" అంది. క్లచ్ ప్లేటును నూనెలో నానబెట్టేది ఎవడమ్మా అన్నాను. "ఇది లారీ కాదు. ఇది బతికేదే నూనెలో" అంది. నాకు తలకెక్కింది. ఇన్నేళ్లు బండ్ల కింద పడుకున్నది నేనా నువ్వా, ఫోనులో చూసి నాకు నేర్పుతావా అని, ఇంకా కొన్ని అన్నాను, స్ప్రింగు బిగించాను, తాళం రింగు వేశాను, బయటికి పోయి బస్టాండులో కూచుని వచ్చేపోయే బస్సుల గేర్లు విన్నాను. ఇంటికి వచ్చేసరికి ఆమె విత్తనాలు నానబెట్టే సత్తు బేసినులో ఎర్ర నూనె పోసి పెట్టి ఉంది. దాని పక్కన నేను పాత మంచం ఇనుప పట్టీలతో చేసిన స్ప్రింగు నొక్కే చట్రం. దాని పక్కన డ్రమ్ము. దాని పక్కన ఆమె, బూటు కాలు చాపుకుని. "ఒక్కదాన్నే ఇప్పుదామని చూస్తిని. ఆ స్ప్రింగు నా బలానికి లొంగలేదు" అంది. "కూచో." నేను అన్న మాటల్లో ఒక్కటి కూడా నాకు తిరిగి ఇవ్వలేదు.

విప్పాను. ఒక్కొక్క ప్లేటూ తీసి బేసినులో వేశాను. వేయగానే నూనెలోంచి బుడగలు, సన్నగా, ఆగకుండా, ఎండిన నేల మీద మొదటి తడి పడినప్పుడు లేచినట్టు. ప్లేటు తాగుతోంది. ఎంతసేపు తాగింది. మేం ఇద్దరం బేసినుకు చెరో పక్క కూచుని దాన్నే చూశాం, ఆమె విత్తనాలను చూసినట్టు చూసింది. ఇన్నేళ్లు ప్లేటును నూనెకు దూరంగా దాచిన చేతులు ఇవి. పొడిగా పెట్టి ఉంటే మొదటి మెరక మీదనే మాడిపోయి ఉండేది. ఒక బండికి చావైంది ఇంకో బండికి ప్రాణమని ఆ బుడగలు చెబితే నమ్మాను, ఆమె చెబితే నమ్మలేదు. బుడగలు నిలిచాక ఎత్తి, కారుతుండగానే పేర్చాను. పంచరు షాపు నుంచి తెచ్చిన గాలి ట్యూబును డ్రమ్ము రంధ్రానికి పెట్టి వదిలితే లోపల ప్లేట్లన్నీ ఒక్కసారిగా కలిసి తప్పుమని చప్పుడు చేశాయి, గట్టిగా, పూర్తిగా, రెండు అరచేతులు కలిసినట్టు. యశోద ఇంకోసారి అంది. ఇంకోసారి వదిలాను. ఇంకోసారి అంది. ఆమె నవ్వుతోంది. పెళ్లిలో కూడా ఆ నవ్వు నేను చూడలేదు.

అది తప్పి ఉండదు. ఆ చప్పుడు విన్నాను నేను, అది తప్పే చప్పుడు కాదు. అయితే ఎందుకు నిలిచింది. గేటు వదిలేసి బైకు దగ్గరికి వచ్చాను, కిక్కు మీద కాలు పెట్టాను, కొట్టలేదు. కొడితే నేను ఆమెను నమ్మనట్టు. కొట్టకపోతే ఆమె ఎండలో. కాలు అట్లాగే పెట్టుకుని నిలబడ్డాను. ఒక బైకు పోయింది. పాల ఆటో పోయింది. తర్వాత చాలాసేపు ఏమీ లేదు, పందిరి వల గాలికి కొట్టుకోవడం తప్ప. అప్పుడు మలుపులో ఒక శబ్దం, శబ్దం అని కూడా అనలేను, తగ్గుతూ వచ్చే మెత్తటి గాలి మాదిరి, దానికి దగ్గు లేదు, అరుపు లేదు, గుంజుడు లేదు. తెల్ల బానెట్టు కనపడింది. దుమ్ము కొట్టుకుని ఉంది. గేటు ముందర నిలిచింది. ఇంజను ఆపలేదు ఆమె.

"బస్టాండు కాడ ఎందుకు నిలబెడితివి?"

"నువ్వే గదా చెప్తివి, నూనె బాగా కాగినాక మెరక ఎక్కించమని. కాగనిస్తిని."

చెప్పానా నేను. చెప్పాను. బానెట్టు ఎత్తాను, ఇంజను తిరుగుతుండగానే గేజి లాగి తుడిచి మళ్లీ పెట్టి లాగాను. నూనె రెండు గీతల నడుమ ఉంది. ఎర్రగా ఉంది, మందారం పిండినట్టు. ముక్కు దగ్గర పెట్టుకున్నాను, కాలిన వాసన లేదు, ఏ వాసనా లేదు. మళ్లీ తుడిచాను. బానెట్టు దించకుండా గేజిని ఇంకోసారి పెట్టి ఇంకోసారి తీసి చూశాను.

"మెరక ఎట్లెక్కింది?"

"రెండు సార్లు ఎక్కిస్తి. రెండోసారి నడిమధ్యలో నిలబెట్టి మళ్లా ఎక్కిస్తి." ఇంకేమైనా చెబుతుందేమోనని చూశాను. "ఇంగ చాలు, ట్రేలు ఎత్తు. తుగ్గలి రోడ్డోళ్లు ఎదురుచూస్తాంటారు. నువ్వూ ఎక్కు."

"నా మొగం అడ్డమంటివి గదా?"

"ఇప్పుడు పర్వాలే. కొంచెం బాగుండాది మొగం."

వెనక సీటు మడిచి ట్రేలు పేర్చాను, ఒక ఆకు కూడా నలగకుండా. పక్క సీట్లో కూచుని చేతులు మోకాళ్ల మీద పెట్టుకున్నాను. ఆమె రాడ్డు లాగింది. ఊరు దాటి, సీతాఫలం గుట్టలు ఎడమకు వేసుకుని, తుగ్గలి రోడ్డు ఎక్కాం. నేను వింటున్నాను. ఒకటి నుంచి రెండుకు మారేటప్పుడు ఒక చిన్న తడుము ఉండాలి, పడుకున్న పిల్ల పక్కకు తిరిగినంత. పట్టుకుందామని చెవి అంతా కాళ్ల కిందికి దించాను. రెండు నుంచి మూడుకు మారే దగ్గర తప్పకుండా తెలియాలి. బండి వేగం పెరిగింది, ఇంజను గొంతు దిగింది, మారింది, ఎప్పుడు మారింది.

"ఎప్పుడు మారింది?"

"ఏంది?"

"గేరు."

"నాకేం తెల్సు. దాని పని అది చేసుకుంటాంది. నువ్వు ఊరికే కూచో."

ముందర ఎద్దుల బండి వచ్చింది, ఆమె తగ్గించింది, ఇప్పుడు కిందికి మారాలి, కళ్లు మూసుకుని విన్నాను, లోపల ఎక్కడో నానిన ప్లేట్లు ఒకదాన్ని ఒకటి వదులుతున్నాయి, ఇంకొన్ని పట్టుకుంటున్నాయి, వాటి నడుమ నూనె, ఎవరినీ నొప్పించకుండా. తెలియలేదు. మళ్లీ పెంచింది, మళ్లీ తెలియలేదు. నేను బిగించిన బాక్సే నాకు అందడం లేదు. నా పనిలో నాకు నచ్చిన పని అదే, నా బతుకులో నా చేతి గుర్తు కనపడని పని అదొక్కటే. కళ్లు తెరిచేసరికి హనుమంతుడి గుడి మలుపు దాటేసి ఉన్నాం. ఆ మలుపుకు ఇవతల కుడి పక్కన ఒక చేను ఉంది, అమ్మినప్పటి నుంచి ఆ దోవన బైకు మీద పోయినా, బస్సులో పోయినా మెడ తిరిగిపోయేది నాకు, కొన్నవాడు ఏం వేశాడో, గట్టు మీది రేగుచెట్టు కొట్టాడో ఉంచాడో చూడకుండా ఎన్నడూ దాటలేదు. ఇవాళ దాటిపోయింది, నేను చూడలేదు. ఈ బండి కొనడానికి అమ్మి, ఆ డబ్బు ఓబుళేశు చేతిలో పోసిన నేల అది. మా నాయన నా పాలుకు పంచింది, ఎర్రనేల, రోడ్డు ముఖం, మూడెకరాల పదిహేడు సెంట్లు.